భుజం నొప్పి

కుడి పక్కకి ఒత్తిగిలాలి. మోచేతి మీద బరువు మోపి, ముందుగా కాళ్లు మంచం మీంచి దించాలి. ఆ తర్వాతే నడుం లేపాలి. ఏలూరు ఆసుపత్రిలో సిస్టరు రెండుసార్లు చేయించి మరీ నేర్పిన పద్ధతి అది. కృపమ్మ ఆ వరసలోనే లేవబోయి సగంలో ఆగిపోయింది. ఆపింది పొట్ట కాదు, కుడి భుజం. ఊపిరి కాస్త గట్టిగా తీస్తే చాలు, మెడ మొదట్నించి రెక్క దాకా దబ్బనం దించినట్టు పోటు. పళ్లు బిగబట్టి మోచేతి మీద అలాగే ఉండిపోయి గోడ గడియారం వంక చూసింది. ఐదుంపావు.

ఇరవై నాలుగేళ్లుగా ఐదుంపావుకి ఆమె చేతిలో చీపురు ఉండేది. గువ్వలలంక కైకలూరుకి పోయే దారిలో, కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో కృపమ్మ ఆయా. చేరేనాటికి పాతికేళ్లు, ఇప్పుడు నలభై తొమ్మిది. ఈలోగా ఆరుగురు నర్సమ్మలు మారారు. సూదులు ఉడకబెట్టే స్టీలు డబ్బా పోయి, వాడి పారేసే సిరంజీలు వచ్చాయి. ఆయా మాత్రం మారలేదు. పొట్టి మనిషి, వెడల్పాటి అరచేతులు, బ్లీచింగు పౌడరుకి పాలిపోయిన వేళ్లు. నీలం అంచు తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, ఊరి చివరి నించి వస్తున్నా ఆమె మాట ముందొచ్చేది. నోరు అలాంటిది. నవ్వించకుండా ఎవరికీ మాత్ర ఇచ్చేది కాదు. ఊళ్లో సగం మందికి మారుపేర్లు పెట్టింది ఆవిడే. భర్త బాలస్వామి బతికున్న రోజుల్లో, "నీ నోటికి తాళం వేసి ఆ చెవి కొల్లేట్లో పారేస్తాను" అనేవాడు. అతను పోయి తొమ్మిదేళ్లయింది.

ఎందరికో పురుళ్లు పోసిన చెయ్యి, తన కడుపులో ఏం జరుగుతోందో ఏడాది పాటు తెలుసుకోలేకపోయింది. తెలియక కాదు, పట్టించుకోక. కుంకుడుకాయంతగా మొదలైన నీటి తిత్తి బత్తాయంత అయ్యాక, కూతురు జ్యోత్స్న తాడేపల్లిగూడెం నించి వచ్చి, బలవంతాన ఏలూరు తీసుకెళ్లింది. ఎడమ పక్క అండాశయం తీసేశారు. పెద్ద కోత లేదు. బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు, మూడు చిల్లులు, మూడు ప్లాస్టర్లు. చెడ్డ గడ్డ కాదని కూడా తేలింది. ఆపరేషనై ఇవాల్టికి నాలుగో రోజు, ఇంటికొచ్చి రెండో రోజు.

"అమ్మా, లేచావా? ఉండు, నేను పట్టుకుంటాను" అంటూ జ్యోత్స్న వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ప్రైవేటు స్కూల్లో టీచరు, వారం సెలవు పెట్టుకుంది.

"పట్టుకోడానికి నేనేం పసిపిల్లనా? నువ్వు ఇడ్లీ చూసుకో" అంది కృపమ్మ.

భుజం సంగతి కూతురికి చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆ కారణం వయసు పద్నాలుగేళ్లు.

ఆపరేషనైన మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో మొదటిసారి ఈ పోటు వచ్చినప్పుడు గుండె అనుకుని బెదిరిపోయింది. పిల్లసిస్టరు వచ్చి నాడి చూసి, "ఏం కాదమ్మా, కెమెరా పెట్టడానికి పొట్టని గ్యాసుతో ఉబ్బిస్తారు కదా. మిగిలిన గ్యాసు పైకెళ్లి ఒత్తుతుంది. నొప్పి భుజంలో తెలుస్తుంది. నాలుగైదు రోజుల్లో పోతుంది" అంది.

"ఇలా ఎవరికైనా వస్తుందా అమ్మా?"

"చాలామందికి వస్తుందండి" అని ఆ పిల్ల పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

చాలామందికి. కృపమ్మ ఆ మాటని ఆ క్షణం నించీ నమిలి మింగలేకుండా ఉంది. ఎందుకంటే కడుపు ఉబ్బించి, బొడ్డు దగ్గర చిల్లు పెట్టే ఆపరేషన్లకి ఆమె మూడు వందల మందికి పైగా ఆడవాళ్లని తీసుకెళ్లింది. కుటుంబ నియంత్రణ క్యాంపులు అవి. మార్చి నెల వచ్చిందంటే పైనించి ఒత్తిడి, ఇన్ని కేసులు తేవాలని. కేసంటే మనిషే. పొద్దున్నే జీపులో ఆరుగురిని ఎక్కించేది. హైస్కూలు వరండాలో చాపల మీద వరసగా పడుకోబెట్టి, మణికట్టుకి ప్లాస్టరు అంటించి దాని మీద నంబరు రాసేది. భయపడేవాళ్ల చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పేది: "చీమ కుట్టినట్టుంటుంది, అంతే. మూడో రోజుకి మామూలు పన్లోకి దిగిపోవచ్చు." ఆ మాట ఆమె అబద్ధమని తెలిసి చెప్పలేదు. క్యాంపు డాక్టర్లు అలాగే చెప్పేవాళ్లు. కానీ ఆ ఆడవాళ్లలో ఒకామె మాత్రం, నిజం చెప్పడానికి కృపమ్మ దగ్గరికే వచ్చింది.

ఆమె వీరరాఘవమ్మ. అప్పటికి ఇరవై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు. భర్త ఏడుకొండలుతో చేపల చెరువు గట్టు మీద పాకలో కాపురం. క్యాంపు నించి వచ్చిన మూడో రోజు అత్తగారిని వెంటేసుకుని ఉపకేంద్రానికి వచ్చింది. ఆరోజు బుధవారం, టీకాల రోజు. ముప్ఫైమంది తల్లులు, చంకల్లో పిల్లలు, ఏడుపులు. ఆ గోల మధ్య, "భుజం పీకేత్తందండి ఆయమ్మగారూ. ఊపిరి తీత్తే పొడుత్తంది" అంది.

కృపమ్మ చేతిలో అయోడిన్ సీసా ఉంది. తలెత్తకుండానే, "పొట్టకి ఆపరేషన్ చేస్తే భుజానికి నొప్పేంటే? డాక్టరుగారు దారి తప్పి అటు గానీ వెళ్లారా?" అంది.

వరండా అంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది అత్తగారు. కృపమ్మ ఊరుకోలేదు. నవ్వు దొరికాక ఊరుకునే మనిషి కాదు. "మన ఊరికి భుజాలమ్మ వెలిసింది, కొబ్బరికాయలు తెచ్చుకోండి" అని కూడా అంది. అంతే. ఆనాటి నించి వీరరాఘవమ్మ ఊరికి భుజాలమ్మ అయిపోయింది. మర్నాడే అత్తగారు ఆమెని చేపల మేతకి తవుడు బస్తాలు మోయడానికి చెరువు పనిలోకి దింపింది. బొడ్డు దగ్గర కుట్టు విడిపోయి చీము పట్టింది. పది రోజులు కృపమ్మే కట్టు కట్టింది. కట్టు కట్టే ఆ పది రోజుల్లోనూ వీరరాఘవమ్మ మళ్లీ భుజం ఊసెత్తలేదు. ఆ తర్వాత ఆమెకి జ్వరం వచ్చినా, నడుం పట్టేసినా, ఇంట్లో వాళ్లు ముందు అడిగే మాట ఒకటే: "ఏ భుజం?"

ఆమె తర్వాత కూడా క్యాంపుకి వెళ్లివచ్చిన వాళ్లెవరూ కృపమ్మకి భుజం నొప్పని చెప్పలేదు. నొప్పి లేదు కాబట్టి చెప్పలేదని కృపమ్మ అనుకుంది. ఏలూరు మంచం మీద పడుకున్నాక గానీ ఎందుకు చెప్పలేదో తట్టలేదు.

ఇడ్లీ పళ్లెం చేతికిస్తూ జ్యోత్స్న, "అన్నట్టు, ఏడుకొండలు వాళ్లు ఇవాళ ఊరొదిలి వెళ్లిపోతున్నారంట. మూడింటికి రామాలయం మలుపు నించి వ్యానంట" అంది.

కృపమ్మ చేతిలోని ముక్క చేతిలోనే ఉండిపోయింది. "ఎక్కడికి?"

"కామవరపుకోట దగ్గర పామాయిల్ తోటలోకి, కాపలాకి. ఇక్కడేముంది ఇంకా? చెరువులన్నీ కొట్టేశారు కదా."

ఆ వేసవిలోనే ప్రభుత్వం కొల్లేటిలోని చేపల చెరువుల గట్లు పొక్లెయిన్లతో తెంచేసింది. కొల్లేటికి మంచిదే అన్నారు. గట్ల మీద పాకలేసుకుని బతికిన వాళ్లు మాత్రం ఒక్కొక్కరే మూటలు కట్టుకుంటున్నారు. నిన్న ఒకరు, ఇవాళ వీళ్లు.

వెళ్లిపోయేలోగా చెప్పాలి. కృపమ్మకి ఆ రోజు చెయ్యాల్సిన పని అదొక్కటే అనిపించింది. నీ నొప్పి నిజమే అని చెప్పాలి. చెవిలో చెప్తే సరిపోదు. నవ్వించింది పదిమందిలో, చెప్పేదీ పదిమందిలోనే చెప్పాలి. ఇరవై నాలుగేళ్లలో ఆయమ్మ తప్పు చెప్పిందన్న మాట ఆ ఊళ్లో పుట్టలేదు.

పది గంటలకి ప్రార్థన చెయ్యడానికి పాస్టరమ్మగారు వచ్చారు. వెంట పక్కింటి సువార్తమ్మ. పాస్టరమ్మగారిది నెమ్మదైన మాట. మంచం పక్క కుర్చీలో కూర్చుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని, "నొప్పి ఎక్కడుందమ్మా కృపమ్మా? పేరు పెట్టి ప్రార్థన చేద్దాం" అన్నారు. ఆవిడ పద్ధతి అది. మోకాలైతే మోకాలని, పంటి నొప్పైతే ఎడమ పక్క పన్నని దేవుడికి వివరంగా చెప్తారు.

కృపమ్మ నోరు తెరిచింది. ఎదురుగా సువార్తమ్మ కూర్చుని ఉంది. ఆ బుధవారం వరండాలో నవ్విన వాళ్లలో సువార్తమ్మ ఒకతి.

"పొట్టలోనేనండి" అంది కృపమ్మ.

పాస్టరమ్మగారు కళ్లు మూసుకుని పొట్ట కోసం, పొట్ట మీది మూడు గాయాల కోసం, లోపల తీసేసిన చోటు కోసం ప్రార్థన మొదలుపెట్టారు. కృపమ్మ కళ్లు మూసుకోలేదు. దేవుడి ముందే అబద్ధం ఆడేసింది. గుమ్మం వైపు చూస్తే అక్కడ వీరరాఘవమ్మ నిలబడి ఉంది. నల్లగా, సన్నగా, ముప్ఫై ఆరేళ్లకే చెంపలు లోపలికి పోయిన మనిషి. చెప్పులు మెట్టు కింద విడిచి, ప్రార్థన అయ్యేదాకా కొంగు భుజాల మీదుగా కప్పుకుని కదలకుండా నిలబడింది.

ఆమేన్ అనగానే సువార్తమ్మ, "రావే భుజాలమ్మా, లోపలికి రా. వెళ్లిపోతున్నారంటగా" అని పిలిచింది. అందులో దురుసేం లేదు. ఆమె అసలు పేరు అదేనన్నట్టు పిలిచింది.

"అవునండి. ఓసారి ఆయమ్మగారికి చెప్పి వెళ్దావని. పిల్లలిద్దరూ ఆవిడ చేతుల మీదే పుట్టారు కదండి" అంది వీరరాఘవమ్మ.

పాస్టరమ్మగారు ఇంకో ఇంటికి వెళ్లాలని లేచారు. సువార్తమ్మ జ్యోత్స్నతో మాట్లాడుతూ టీ కోసం వంటింట్లోకి వెళ్లింది. గదిలో ఇద్దరే మిగిలారు. చెప్పడానికి ఇంతకంటే వీలు దొరకదు. కృపమ్మ ఒక్క ఊపిరి గట్టిగా తీసుకుంది. పోటు పొడిచింది. చెయ్యి తనకి తెలియకుండానే కుడి భుజం మీదికి పోయి, మళ్లీ గబుక్కున దిగింది.

వీరరాఘవమ్మ ఆ చేతిని చూసింది. దగ్గరికొచ్చి, కృపమ్మ తల కింది రెండు తలగడల్లో ఒకటి మెల్లిగా లాగేసింది. "మోకాళ్లు మడవండి" అంది చిన్నగా. ఆ తలగడని నడుం కిందికి తోసి, రెండోదీ తీసేసి తలని పరుపు మీద ఆనించింది. "తల దిగాలండి, నడుం లెగాలి. అప్పుడు ఆ పోటు కిందకి జారిపోద్ది."

"నీకెలా తెలుసే?" అంది కృపమ్మ. అడగకూడని ప్రశ్న అని అడిగాక తెలిసింది.

"చెరువు గట్టు వాలుగా ఉంటది కదండి. మద్దేనం బువ్వప్పుడు తల నీళ్లేపుకి పెట్టి పడుకునేదాన్ని. లేచేసరికి కాస్త తేలిగ్గా ఉండేది. మా ఆయన చూసి పిచ్చెక్కిందా అనేవోడు."

నిజంగానే తేలికైంది. నాలుగు రోజుల తర్వాత కృపమ్మకి మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. కంటి కొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి దిగాయి. అంతలో సువార్తమ్మ టీ గ్లాసుతో వచ్చి, "అదేంటి, కృపమ్మని తలకిందులు చేసేశావు?" అంది.

కృపమ్మ కళ్లు తుడిచేసుకుంది. వీరరాఘవమ్మ దుప్పటి సరిచేస్తూ, "నడుం లాగుతుందన్నారండి. అందుకే సద్దాను" అంది మామూలుగా.

తనని పద్నాలుగేళ్లు నవ్వులపాలు చేసిన మనిషి గుట్టుని వీరరాఘవమ్మ కాపాడింది. కృపమ్మకి నొప్పి తగ్గిన చోట సిగ్గు వచ్చి కూర్చుంది. ఆపరేషన్ బల్ల మీద కూడా ఆమె అంత నిస్సహాయంగా పడుకోలేదు. వీరరాఘవమ్మ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "వత్తానండి, సామాను సద్దాలి" అని వెళ్లిపోయింది. చెప్పాలనుకున్న మాట కృపమ్మ నోట్లోనే ఉండిపోయింది. ఊరంతా హడలే ఆ నోరు, కావాల్సినప్పుడు పెగల్లేదు.

మధ్యాహ్నం చారన్నం తిని మాత్రలు వేసుకుని పడుకుంది గానీ కునుకు రాలేదు. కన్ను మూస్తే మణికట్లు కనిపించాయి, నంబర్లు వేసిన ప్లాస్టర్లతో. వాటిలో వీరరాఘవమ్మది ఎన్నో నంబరో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. ఒకరి నంబరూ గుర్తు లేదు. రెండున్నర దాటాక వరసగా ఒత్తిగిలి, మోచెయ్యి మోపి, కాళ్లు దించి, లేచి నిలబడింది. పొట్టకి బెల్టు బిగించుకుంది. నీలం అంచు చీర కట్టుకుంది.

"ఎక్కడికమ్మా? గేటు దాటొద్దన్నారు కదా డాక్టరుగారు?" అని జ్యోత్స్న అడ్డం వచ్చింది.

"రామాలయం మలుపు దాకా. నువ్వు నా చెయ్యి పట్టుకో, ఆపకు."

కూతురు తల్లి మొహం చూసి పక్కకి తప్పుకుంది. గొడుగు తెచ్చి పట్టింది. రెండు వందల గజాల దారి. మునుపు రోజుకి పాతికసార్లు తిరిగిన దారి. ఇప్పుడు ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగాల్సి వచ్చింది. పైటకొంగుతో పొట్ట అదిమి పట్టుకుని, భుజం పోటుకి తల ఒక పక్కకి వాల్చి నడుస్తున్న ఆయమ్మని చూసి, అరుగుల మీద వాళ్లు లేచి నిలబడ్డారు. కొందరు వెనకే వచ్చారు.

వ్యాను బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. పైన మంచం, మూటలు, వలల కట్ట, కోళ్లగంప. ఏడుకొండలు తాడు బిగిస్తున్నాడు. పిల్లలిద్దరూ ఎదిగిన వాళ్లు, ముందు సీట్లో కూర్చున్నారు. సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్లు పది పన్నెండు మంది, సువార్తమ్మతో సహా.

"ఇదేంటండి ఆయమ్మగారూ, ఎండలో వచ్చేశారు! కుట్లింకా పచ్చిగా ఉన్నాయి కదండి" అని వీరరాఘవమ్మ ఎదురొచ్చింది.

కృపమ్మ కూతురి చెయ్యి వదిలించుకుని తనంతట తాను నిలబడింది. "అందరూ వినండి" అంది. గొంతు బొంగురుగా వచ్చింది. "నాకు భుజం నొప్పి. పొట్టకి ఆపరేషన్ చేస్తే భుజం నొప్పి వస్తుంది. నాలుగు రోజుల నించి చస్తున్నాను. పొద్దున పాస్టరమ్మగారు అడిగితే అబద్ధం చెప్పాను. పద్నాలుగేళ్ల కింద ఈ పిల్ల చెప్పింది నిజం. తెలియనిదాన్ని నేను. తెలియకపోతే నోరు మూసుకోవాలి, నవ్వించాను. దీని పేరు వీరరాఘవమ్మ. ఇంకో పేరు లేదు."

ఒకరిద్దరు అలవాటుగా నవ్వబోయి ఆగిపోయారు. కోళ్లగంపలో కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. అప్పుడు సువార్తమ్మ నేలచూపులు చూస్తూ, "నాకూ వచ్చింది కృపమ్మా, నేను క్యాంపుకి వెళ్లొచ్చినప్పుడు. వారం రోజులుంది" అంది. ఆమె వెనక ఇంకెవరో "నాకూనండి" అన్నారు. ఆ గొంతు ఎవరిదో కృపమ్మ తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది.

"నన్ను క్షమించమని అడగడానికి వచ్చానే అమ్మాయ్" అంది.

వీరరాఘవమ్మ మొహంలో ఏడుపూ లేదు, నవ్వూ లేదు. ఎప్పుడో చెయ్యి దాటిపోయిన వస్తువుని ఇప్పుడు తెచ్చిస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా కాసేపు చూసింది.

"మా అత్త ఉండుంటే బాగుండేదండి" అంది చివరికి. "మూడేళ్ల కిందట పోయింది. నేను పని దొంగనని అనుకునే పోయింది."

ఆ అత్తగారి చెవిలో ఆ మాట వేసింది తనే. ఇప్పుడు తీయడానికి ఆ చెవి లేదు.

డ్రైవరు హారను కొట్టాడు. వీరరాఘవమ్మ వ్యాను ఎక్కబోయి, సీటు కింద పెట్టుకున్న సంచిలోంచి మూత పెట్టిన స్టీలు గిన్నె ఒకటి తీసింది. "కొర్రమీను పులుసండి. గట్లు తెగిన నీళ్లలో దొరికింది. దారిలోకని వండాను. మీరు తినండి, కుట్టు తొందరగా మానుద్ది. కారం తక్కువే ఏశాను."

"మరి గిన్నె ఎలా పంపనే?"

"ఉంచుకోండి. అయిదో రోజుకి పోద్దండి ఆ పోటు. భయపడకండి."

వ్యాను కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చెయ్యి ఊపలేదు. పైన కట్టిన మంచం కోళ్లు ఊగుతూ ఊగుతూ కాలవ వంతెన ఎక్కి, కైకలూరు రోడ్డు మలుపు తిరిగాయి. జనం ఒక్కొక్కరే ఇళ్లకి మళ్లారు.

ఇంటికొచ్చాక జ్యోత్స్న ఎంత చెప్పినా కృపమ్మ మంచం ఎక్కలేదు. గిన్నె ఒళ్లో పెట్టుకుని కుర్చీలోనే కూర్చుంది. అడుగున ఇంకా వెచ్చగా ఉంది. అంచు కింద, పెళ్లినాడు పుట్టింటివాళ్లు చుక్కలు చుక్కలుగా చెక్కించిన అక్షరాలు, తోమి తోమి అరిగిపోయినా, ఇంటిపేరుతో సహా చదవడానికి వస్తున్నాయి: సైదు వీరరాఘవమ్మ.